కీళ్ళవాతం ఉన్న అమ్మకు గొంతు పడిపోయింది: స్వరతంత్రి పక్షవాతం దీనివల్లే వస్తుందా?

పరకాల_పత్తి
మా అమ్మకు రుమటాయిడ్ కీళ్ళవాతం చాలా ఏళ్ళుగా ఉంది. వేళ్ళ కణుపులు వంకర తిరిగాయి. వారానికొకసారి మిథోట్రెక్సేట్ గోలీలు వేసుకుంటుంది. నొప్పులు తగ్గాయని తనంతట తానే మానేసి, మళ్ళీ వాపులు వచ్చాక మొదలుపెట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఈ ఎండాకాలం నుంచి ఆమె గొంతు బొంగురుపోయింది. మాటతో పాటు గాలి వృథాగా పోతున్నట్టు వినిపిస్తుంది, ఫోన్‌లో అయితే అవతలివాళ్ళకు ఏమీ అర్థం కాదు, నీళ్ళు తాగితే పొలమారుతుంది. మొదట చూసిన డాక్టరు జలుబు అని యాంటీబయాటిక్ ఇచ్చారు, అది అయిపోయాక ఇంకొకటి ఇచ్చారు. చివరకు హన్మకొండలో చెవి, ముక్కు, గొంతు డాక్టరు ముక్కులోంచి సన్నని గొట్టం వేసి చూసి, ఎడమ స్వరతంత్రి కదలడం లేదని, పక్షవాతమని రాశారు. కీళ్ళ డాక్టరు ఈ జబ్బులో అరుదుగా అలా జరుగుతుందన్నారు. గొంతు డాక్టరేమో ఛాతీకి సీటీ స్కాన్ తీయించమంటున్నారు. కీళ్ళ జబ్బుకూ గొంతుకూ సంబంధమేమిటో, గొంతు పోతే ఛాతీ ఎందుకు చూడాలో ఇద్దరిలో ఎవరూ విడమరచి చెప్పలేదు. పక్షవాతం అన్నప్పటి నుంచి అమ్మ, రేపు కాలూ చెయ్యీ కూడా పడిపోతాయేమోనని భయపడుతోంది. తెలిసినవారు రాయండి.

సింగరేణి_మాజీ
కాలూ చెయ్యీ పడిపోయే పక్షవాతం మెదడులో రక్తం అందకపోవడం వల్ల గానీ, రక్తనాళం చిట్లడం వల్ల గానీ వస్తుంది. మీరు చెబుతున్నది ఎక్కువగా గొంతుకు వెళ్ళే ఒకే ఒక నాడికి సంబంధించినది. ముందు ఆ సంగతి అమ్మగారికి చెప్పండి, రాత్రి నిద్రయినా పడుతుంది.

స్వరసాధన_కాజీపేట
నేను స్పీచ్ థెరపిస్టును, కాబట్టి కొంచెం పొడవుగానే రాస్తాను.

స్వరపేటికలో రెండు స్వరతంత్రులుంటాయి. ఊపిరి పీల్చేటప్పుడు అవి విడిపోతాయి, మాట్లాడేటప్పుడు దగ్గరకు వచ్చి కంపిస్తాయి, మింగేటప్పుడు గట్టిగా మూసుకుని అన్నం, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోకుండా కాపాడతాయి. ఒకటి కదలకుండా నిలిచిపోతే మధ్యలో సందు మిగులుతుంది. ఆ సందులోంచి గాలి పోతుంది కనుక మాట బలహీనమవుతుంది, నీళ్ళు జారతాయి కనుక పొలమారుతుంది. పరకాల_పత్తి గారు రాసిన లక్షణాలన్నీ దీని కిందికే వస్తాయి.

ఇక ఛాతీ సంగతి. ఈ తంత్రులను కదిలించే నాడి పదవ కపాల నాడి అయిన వేగస్ నుంచి చీలుతుంది. అది నేరుగా గొంతుకు పోదు. కుడివైపుది మెడ మొదట్లో సబ్‌క్లావియన్ ధమని చుట్టూ తిరిగి పైకి వస్తుంది. ఎడమవైపుది ఛాతీలోకి దిగి, గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని వంపు కిందుగా చుట్టుకుని, శ్వాసనాళానికీ అన్నవాహికకూ నడుమ ఉన్న గాడి వెంట మళ్ళీ గొంతుదాకా పైకెక్కుతుంది. అందుకే దాన్ని రికరెంట్ లారింజియల్ నాడి, అంటే వెనక్కి తిరిగి వచ్చే నాడి అంటారు. అంత పొడవైన దారిలో ఎక్కడ ఏది నొక్కినా ఎడమ తంత్రి ఆగిపోతుంది. కారణం తెలియనప్పుడు పుర్రె అడుగు నుంచి ఛాతీ దాకా స్కాన్ తీయమనడం అందుకే.

కీళ్ళవాతానికి గొంతుతో ఉన్న సంబంధం వేరే. స్వరతంత్రులు కదలడానికి స్వరపేటికలో క్రికోఅరిటినాయిడ్ అనే జంట కీళ్ళున్నాయి. చాలా చిన్నవే అయినా, వేళ్ళ కణుపుల్లో ఉన్నటువంటి పొర, జిగురు ద్రవం వాటిలోనూ ఉంటాయి. రుమటాయిడ్ జబ్బు ఏ పొర మీద దాడి చేస్తుందో అదే పొర ఇక్కడా ఉంది.

ఏనుమాముల_మిర్చి
గొంతులో కూడా కీళ్ళుంటాయన్నది ఇవాళే వింటున్నాను. మా మార్కెట్‌లో మిర్చి సీజన్ వచ్చిందంటే వేలం పాడేవాళ్ళందరి గొంతులూ బొంగురుపోతాయి. ఆ ఘాటు, ఆ దుమ్ము, ఆ అరుపులు మీకు తెలియనివి కావు. వాళ్ళందరికీ పక్షవాతమే అనుకోవాలా?

స్వరసాధన_కాజీపేట
అక్కర్లేదు. అరిచి అరిచి వచ్చే బొంగురులో తంత్రులు రెండూ కదులుతాయి, వాటి అంచులు మాత్రం వాస్తాయి లేదా చిన్న బొడిపెలు కడతాయి. గొంతుకు విశ్రాంతి దొరికితే వాపు చాలావరకు తగ్గుతుంది. నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే మాత్రం ఎవరికైనా సరే, గొట్టంతో లోపల చూడకుండా మందులు మార్చుకుంటూ పోకూడదు. వాళ్ళు బీడీలు తాగేవాళ్ళయితే నాలుగు వారాలు కూడా ఆగవద్దు.

కాకతీయ_పీజీ
స్వరసాధన గారు చెప్పినదంతా సరైనదే. కానీ అసలు చిక్కు ఎక్కడుందో ఇంకా ఎవరూ రాయలేదు. గొట్టంలోంచి చూసినప్పుడు డాక్టరుకు కనిపించేది తంత్రి కదలడం లేదన్న సంగతి ఒక్కటే. ఎందుకు కదలడం లేదన్నది ఆ చూపులో తెలియదు. తలుపు తెరుచుకోకపోతే తోసే చేతిలో బలం లేకపోవచ్చు, లేదా మడతబందు తుప్పుపట్టి ఉండవచ్చు. బయట నిలబడ్డవాడికి రెండూ ఒకేలా ఉంటాయి. నాడి చచ్చుబడితే అది పక్షవాతం. నాడి బాగానే ఉండి కీలు బిగుసుకుపోతే అది పక్షవాతం కాదు, దాని వైద్యమూ వేరు. రుమటాయిడ్ ఉన్న మనిషి కాగితం మీద ఈ తేడా చూడకుండా పక్షవాతమని రాసేస్తే, ఆ తర్వాత చూసే ప్రతి డాక్టరూ అదే నమ్ముతాడు.

తేల్చడానికి రెండు పద్ధతులున్నాయి. స్వరపేటిక కండరాల్లోకి సన్నని సూది పెట్టి విద్యుత్ సంకేతాలు చూసే ఈఎంజీ పరీక్ష మొదటిది; నాడి బతికి ఉంటే సంకేతం వస్తుంది. మత్తు ఇచ్చి, పరికరంతో ఆ కీలును మెల్లగా కదిపి చూడటం రెండోది. నాడి మాత్రమే చచ్చుబడినప్పుడు కీలు సులభంగా కదులుతుంది, కీలే బిగుసుకుంటే కదలదు.

ఇంకో మాట. రుమటాయిడ్ కీలు పట్టినప్పుడు తరచుగా రెండు వైపులా పడుతుంది. ఎడమ ఒక్కటే ఆగిందంటే నా చూపు ముందు ఛాతీ మీదకే పోతుంది.

ఓరుగల్లు_కోట
ఈ స్కాన్ల మోజు నాకు నచ్చదు. ఆమెకు పాత జబ్బు ఉంది, మధ్యలో మందు మానేశారు, జబ్బు పెరిగింది, గొంతుకు వచ్చింది. కారణం కళ్ళ ముందే కనబడుతుంటే, వేలు ఖర్చు పెట్టించి రేడియేషన్ కింద పడుకోబెట్టడం ఎందుకు? కీళ్ళ మందు సరిగా వాడి చూసి, తగ్గకపోతే అప్పుడు ఆలోచించవచ్చు కదా.

సింగరేణి_మాజీ
ఓరుగల్లు_కోట గారూ, మా తమ్ముడి విషయంలో ఏం జరిగిందో చెబుతాను, తర్వాత మీరే ఆలోచించండి. వాడికీ ఇలాగే ఎడమ తంత్రి ఆగిపోయింది. ఛాతీలో గ్రంథులు వాచి ఉన్నాయని స్కాన్‌లో తేలింది. మన ప్రాంతంలో ఛాతీ గ్రంథులు అనగానే అందరికీ క్షయ గుర్తొస్తుంది, తప్పు కూడా కాదు. క్షయ మందులు మొదలుపెట్టారు. నెలలు గడిచినా గ్రంథులూ కరగలేదు, గొంతూ రాలేదు. హైదరాబాద్‌లో గ్రంథి ముక్క తీసి పరీక్ష చేస్తే సార్కాయిడోసిస్ అన్నారు. రెండు జబ్బుల్లోనూ కణాలు ముద్దలుగా గుమిగూడతాయట. క్షయలో ఆ ముద్దల నడుమ భాగం జున్నులా కుళ్ళడం ఎక్కువ, సార్కాయిడోసిస్‌లో సాధారణంగా అలా ఉండదట. స్టెరాయిడ్ వాడాక గ్రంథులు తగ్గాయి, గొంతు చాలావరకు వచ్చింది, పాట మాత్రం పాడలేడు. అదీ ఇన్‌ఫ్లమేషన్ జబ్బే, కానీ గొంతు కీలును పట్టింది కాదు, ఛాతీలో నాడిని నొక్కింది. స్కాన్ తీయకపోతే ఎవరికి తెలిసేది?

కాకతీయ_పీజీ
దీనికి నేనొకటి చేరుస్తాను. అమ్మగారికి కీళ్ళవాతం ఉంది కాబట్టే స్కాన్ మరింత అవసరం. స్టెరాయిడ్లు, కొత్తగా వచ్చిన బయలాజికల్ సూదులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి కనుక నిద్రపోతున్న క్షయ లేవవచ్చు. ఊపిరితిత్తి పైభాగంలో గడ్డ ఉన్నా, బృహద్ధమని ఉబ్బినా మొదట బయటపడేది బొంగురు గొంతే కావచ్చు. ఇవేవీ లేవని తేలాకనే తప్పును కీళ్ళవాతం మీదకు నెట్టాలి. ఇక రేడియేషన్ అంటారా, ఒక్క స్కాన్‌తో వచ్చేది కొంచెమే, ఇక్కడ ఆ స్కాన్ వల్ల కలిగే మేలు దానికంటే చాలా ఎక్కువ.

జగిత్యాల_పసుపు
మా అక్కకు చిన్నప్పుడు రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటం ఇరుకైంది. పెద్దయ్యాక ఆయాసంతో పాటు గొంతు కూడా పోయింది. గుండె ఎడమ పైగది బాగా ఉబ్బిపోయిందని, దానివల్ల నాడి నలుగుతోందని గుండె డాక్టరు చెప్పారు. ఎకో పరీక్షలో తెలిసింది. అది కూడా కీళ్ళ నొప్పుల జబ్బే కదా, పరకాల_పత్తి గారి అమ్మగారిది ఇదే అయి ఉండవచ్చా?

కాకతీయ_పీజీ
రెండింటినీ కలపకండి. రుమాటిక్ జ్వరం చిన్న వయసులో స్ట్రెప్టోకోకస్ గొంతు ఇన్‌ఫెక్షన్ తర్వాత వస్తుంది, కీళ్ళ నొప్పులు పోయినా కవాటాలను పాడుచేస్తుంది. రుమటాయిడ్ ఏళ్ళ తరబడి కీళ్ళను కొరుకుతూ ఉండే వేరే జబ్బు. మీ అక్కగారికి వచ్చినదాన్ని 1897లో ఆర్ట్‌నర్ అనే వైద్యుడు వర్ణించాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు. ఉబ్బిన గుండె గది తోపుకు ఎడమ నాడి పుపుస ధమనికీ బృహద్ధమనికీ మధ్య నలుగుతుంది. ఏదేమైనా ఎకో తీయించడంలో నష్టం లేదు, మన దగ్గర పాత కవాట జబ్బులు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

లక్నవరం_అల
నాకు లూపస్ ఉంది, అంటే రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు. జబ్బు బాగా పెరిగిన సమయంలో గొంతు పోయింది, మింగితే చెవిలోకి పొడిచినట్టు నొప్పి వచ్చేది. ముక్కులోంచి చూస్తే ఒక తంత్రి కదలలేదు. లూపస్‌లో కీలు వాయవచ్చునని, నాడికి రక్తం అందించే సన్నని నాళాలు కూడా వాయవచ్చునని, రెంటిలో ఏదైనా ఇలాగే చేస్తుందని డాక్టరు చెప్పారు. స్కాన్‌లో ఏమీ లేదని తేలాక స్టెరాయిడ్ మోతాదు పెంచారు, గొంతు మెల్లమెల్లగా తిరిగొచ్చింది. గొంతు వచ్చింది కదా అని గోలీలు ఒక్కసారిగా ఆపవద్దని గట్టిగా చెప్పారు, ఎందుకంటే శరీరం సొంతంగా చేసుకోవలసిన స్టెరాయిడ్‌ను అప్పటికే మానేసి ఉంటుంది.

హన్మకొండ_పంతులు
చిన్న పక్కమాట. బతికున్న మనిషి స్వరతంత్రులు పనిచేస్తుండగా మొదట అద్దంలో స్పష్టంగా చూసి వివరించినవాడు వైద్యుడు కాదు, మాన్యుయెల్ గార్సియా అనే సంగీతం మాస్టారు. 1854లో రెండు అద్దాలు, ఎండ వెలుగు సాయంతో తన గొంతును తానే చూసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు పద్యాలు చెప్పి గొంతు అరగదీసుకున్నవాణ్ణి కనుక ఆయన మీద నాకు కొంచెం పక్షపాతం.

పరకాల_పత్తి
అందరూ ఇంత ఓపికగా రాసినందుకు సంతోషం. లక్నవరం_అల గారు రాసిన చెవి నొప్పి మా అమ్మకు కూడా ఉంది; మింగినప్పుడు కుడి చెవి కంటే ఎడమ చెవిలో ఎక్కువగా ఉంటుందట. పొద్దున లేచినప్పుడు గొంతులో ఏదో అడ్డుపడినట్టు ఉంటుందంటుంది. స్కాన్‌కు తేదీ ఇచ్చారు. అప్పటిదాకా ఈ పొలమారడానికి ఏం చేయాలి? అన్నం కంటే నీళ్ళకే ఎక్కువ ఇబ్బంది పడుతోంది.

స్వరసాధన_కాజీపేట
పల్చని ద్రవం వేగంగా జారుతుంది, తంత్రులు మూసుకునేలోపే లోపలికి పోతుంది. అన్నం నెమ్మదిగా దిగుతుంది కాబట్టి ఇబ్బంది తక్కువ. నిటారుగా కూర్చోబెట్టండి, పడుకుని గానీ ఒరిగి గానీ తాగనివ్వకండి. చిన్న గుక్కలు, ఒక్కో గుక్కకు మధ్య విరామం ఉండాలి. గడ్డం ఛాతీ వైపు వంచి మింగడం చాలామందికి పనిచేస్తుంది. కదలని తంత్రి ఉన్న వైపుకు, అంటే అమ్మగారి విషయంలో ఎడమకు, తల తిప్పి మింగడం కొందరికి ఇంకా బాగా పనిచేస్తుంది. అయితే రుమటాయిడ్ మెడ ఎముకలను కూడా పట్టి ఉండవచ్చు కనుక, మెడ సంగతి డాక్టరును అడగకుండా ఈ వంచడాలూ తిప్పడాలూ మొదలుపెట్టకండి. చిక్కటి జావ, అంబలి మంచినీళ్ళ కంటే సులభంగా దిగుతాయి. తింటూ మాట్లాడవద్దు. గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి అనుకుంటారు, నిజానికి ఆ బలవంతపు గుసగుస శ్రమే. జ్వరం, కఫం, ఆయాసం కనిపిస్తే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా మొదలైందేమో చూపించాలి. వీలైతే మింగే తీరును ఒకసారి పరీక్ష చేయించండి, దేన్ని ఎంత చిక్కగా ఇవ్వాలో అప్పుడు కచ్చితంగా తెలుస్తుంది.

ఏనుమాముల_మిర్చి
సర్వపిండి తింటూ మాట్లాడవద్దంటే మా ఇంట్లో ఆ రోజు పస్తే.

ఓరుగల్లు_కోట
స్కాన్ విషయంలో మీ వాదన ఒప్పుకుంటాను. కానీ గొంతుకు అతిమధురం, కరక్కాయ బుగ్గన పెట్టుకోవడం మన పెద్దల నాటి నుంచీ ఉన్నదే. భాగవతులు, ఒగ్గు కథ చెప్పేవాళ్ళు దాంతోనే తెల్లవార్లూ పాడారు. దాన్నీ వద్దంటారా?

కాకతీయ_పీజీ
గరగరకు ఉపశమనం ఇస్తే ఇవ్వవచ్చు, ఆగిన తంత్రిని కదిలించలేదు. అతిమధురం విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఎక్కువ వాడితే రక్తపోటు పెరుగుతుంది, రక్తంలో పొటాషియం తగ్గుతుంది. స్టెరాయిడ్ కూడా అదే దారిలో లాగుతుంది, కాబట్టి రెండూ కలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. స్టెరాయిడ్ వాడేవాళ్ళకు నేనైతే వద్దనే చెబుతాను.

రామప్ప_రాయి
నేను ఆపరేషన్ థియేటర్‌లో మత్తు విభాగంలో పనిచేస్తాను. ఇంతవరకు అందరూ ఒక తంత్రి గురించే రాశారు, నాకు భయం రెండు తంత్రుల గురించి. రెండూ మధ్యలోనే నిలిచిపోతే మాట దాదాపు మామూలుగానే ఉంటుంది, కాబట్టి ఇంట్లోవాళ్ళకు అనుమానం రాదు. కష్టమంతా ఊపిరికే. మెట్లెక్కితే, రాత్రి పడుకుంటే గాలి లోపలికి పీల్చేటప్పుడు కీచుమని శబ్దం వస్తుంది. దాన్ని ఆస్తమా అనుకుని పీల్చే మందు ఇస్తూ కూర్చోవడం నేను చూశాను. ఆ శబ్దం పెరుగుతుంటే తెల్లవారే దాకా ఆగకూడదు, వరంగల్ ఎంజీఎం లాంటి పెద్ద దవాఖాన అత్యవసర విభాగానికి తీసుకెళ్ళాలి. అవసరమైతే మెడ దగ్గర శ్వాసనాళానికి రంధ్రం చేసి గొట్టం పెడతారు. వినడానికి భయంగా ఉన్నా ప్రాణం నిలిపేది అదే.

పాత రుమటాయిడ్ ఉన్నవాళ్ళు మోకాలి మార్పిడికి వచ్చినప్పుడు గొంతు గురించి ఎవరూ అడగరు, వాళ్ళూ చెప్పరు. అంతకుముందే బిగుసుకున్న ఆ చిన్న కీలు శ్వాస గొట్టం రాపిడికి వాచిపోతుంది. గొట్టం తీసిన కాసేపటికి రోగి గాలి కోసం పెనుగులాడుతుంది. అలాంటి ఒకామెను మళ్ళీ గొట్టం వేసి నిలబెట్టిన రాత్రి నాకు గుర్తుంది. మెడలోని పై రెండు వెన్నుపూసల మధ్య పట్టు కూడా ఈ జబ్బులో సడలుతుంది, తలను ముందుకు గానీ వెనక్కి గానీ ఎక్కువగా వంచితే వెన్నుపాముకే ముప్పు. అందుకని ఏ ఆపరేషన్‌కు వెళ్ళినా, పన్ను పీకించుకోవడానికి మత్తు తీసుకున్నా సరే, కీళ్ళవాతం ఉంది, గొంతు మారింది అని మత్తు డాక్టరుకు మీరే ముందుగా చెప్పండి. అప్పుడు సన్నని గొట్టం ఎంచుకుంటారు, లేదా వీలైన చోట నడుముకు సూది ఇచ్చి పని ముగిస్తారు.

లక్నవరం_అల
రామప్ప_రాయి గారు రాసింది చదివాక నా పాత ఫైల్ మీద ఎర్ర అక్షరాలతో రాసి పెట్టుకున్నాను.

పరకాల_పత్తి
స్కాన్ వచ్చింది. ఛాతీలో గ్రంథులు గానీ గడ్డలు గానీ లేవు, బృహద్ధమని మామూలుగానే ఉంది. ఎకో కూడా బాగుంది. క్రికోఅరిటినాయిడ్ కీలు దగ్గర మాత్రం ఎడమవైపు మార్పులున్నాయని, కుడివైపు కూడా కొద్దిగా ఉన్నాయని రాశారు. ఈఎంజీ పరీక్షకు హైదరాబాద్ రమ్మన్నారు. అది కీలే అని తేలితే వైద్యం ఏముంటుంది? నాడి అని తేలితే ఏముంటుంది?

కాకతీయ_పీజీ
కీలే అయితే మొదటి వైద్యం కీళ్ళ డాక్టరు చేతిలో ఉంటుంది. జబ్బును గట్టిగా అదుపు చేయాలి, కొంతకాలం స్టెరాయిడ్ ఇవ్వవచ్చు, కొన్నిచోట్ల ఆ కీలులోకే సూది మందు వేస్తారు. వాపు దశలో ఉంటే కదలిక తిరిగి వచ్చే అవకాశం ఉంది. ఏళ్ళు గడిచి కీలు అతుక్కుపోయి ఉంటే మందుతో కదలదు.

నాడి అయితే కొంత ఓపిక పట్టాలి. దెబ్బతిన్న నాడి తనంతట తాను కోలుకోవడానికి సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది వరకు చూస్తారు. ఈలోపు పొలమారడం ఎక్కువగా ఉంటే ఆ తంత్రిలోకి హైలురానిక్ ఆమ్లం వంటి పదార్థం ఎక్కించి ఉబ్బిస్తారు. కొన్ని నెలల్లో అది కరిగిపోతుంది, అప్పటికి నాడి లేస్తే మంచిదే. లేవకపోతే థైరోప్లాస్టీ ఉంది. మెడ మీద చిన్న కోత పెట్టి, మృదులాస్థిలో కిటికీ చేసి, తంత్రిని మధ్యకు నెట్టే దిమ్మె అమరుస్తారు. జపాన్ వైద్యుడు ఇస్షికి 1974లో దీన్ని క్రమబద్ధంగా వివరించాడు. సాధారణంగా రోగిని మెలకువగానే ఉంచి, మాట్లాడిస్తూ, గొంతు వింటూ దిమ్మెను సరిచేస్తారు. థియేటర్‌లో రోగిని మాట్లాడమని డాక్టరు బతిమాలే అరుదైన ఆపరేషన్లలో ఇదొకటి.

కుడివైపు కూడా మార్పు మొదలైందంటున్నారు కనుక, తంత్రిని మధ్యకు నెట్టే ఏ పనికీ తొందరపడవద్దు. రేపు కుడిది కూడా ఆగితే ఊపిరికి దారి ఉండదు. ఈ మాట గొంతు డాక్టరును నేరుగా అడగండి.

జగిత్యాల_పసుపు
ఖర్చు సంగతి కూడా చూసుకోండి. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో చేరకముందే ఆ దవాఖానలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి, చేరాక అడిగితే గడబిడ అవుతుంది. కోఠిలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు దవాఖాన ఉంది, పంజాగుట్ట నిమ్స్‌లో కీళ్ళవాత విభాగం ఉంది.

పరకాల_పత్తి
ఈఎంజీలో నాడి బాగానే ఉందని చెప్పారు. అంటే కాకతీయ_పీజీ గారు చెప్పినట్టు కాగితం మీద పక్షవాతమని ఉన్నది పక్షవాతం కాదు. కీళ్ళ డాక్టరు స్టెరాయిడ్ మొదలుపెట్టారు, బయలాజికల్ సూదికి ముందు క్షయ పరీక్ష, కామెర్ల వైరస్ పరీక్ష చేయమన్నారు. మిథోట్రెక్సేట్ కొనసాగించమన్నారు. గొంతు త్వరగా రావాలని అమ్మ దాన్ని రోజూ వేసుకుంటానంటోంది.

కాకతీయ_పీజీ
ఎంతమాత్రం వద్దు. వారానికి ఒక్క రోజే. రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని, నోరంతా పుండ్లు పడి ప్రాణం మీదకు వస్తుంది. వారంలో ఏ రోజు వేసుకుంటారో డబ్బా మీద పెద్దగా రాసి, గోలీలు మీ దగ్గరే పెట్టుకుని ఆ రోజు మీరే ఇవ్వండి. ఫోలిక్ యాసిడ్ డాక్టరు చెప్పిన రోజున ఇవ్వడం మరవద్దు.

ఏనుమాముల_మిర్చి
నవ్వులాటగా మొదలుపెట్టాను గానీ ఇప్పుడు నిజంగా అడుగుతున్నాను. మా దగ్గర వేలం పాడే పెద్దాయన ఒకరి గొంతు మేడారం జాతర నుంచి అలాగే ఉంది, సీజన్ అయిపోయినా రాలేదు. కీళ్ళ నొప్పులేమీ లేవు. బీడీలు మాత్రం రోజుకు కట్ట పైనే.

స్వరసాధన_కాజీపేట
ఆయనకు కీళ్ళ గురించి కాదు, గొంతు క్యాన్సర్, ఊపిరితిత్తి క్యాన్సర్ లేవని ముందు తేల్చాలి. రేపే ఎంజీఎం ఓపీకి తీసుకెళ్ళండి, ఒంటరిగా పంపితే మధ్యలో చాయ్ తాగి వెనక్కి వచ్చేస్తారు.